స్వామి రామానంద తీర్థ

సికింద్రాబాద్ నుండి మన్మాడ్ వెళ్ళే రైలుమార్గం బాసర వద్ద గోదావరిని దాటి ధర్మాబాద్ చేరుతుంది. ధర్మాబాద్ దాటాక వచ్చే చిన్న స్టేషను కర్ఖేలి. ఆ పైది ఉమ్రి. నాందేడ్ జిల్లాలోని ఈ ఊళ్ళలో మరాఠీతోపాటు తెలుగు, ఉర్దూ మాటలు కూడా వినబడుతూ ఉంటాయి. నేడు ధర్మాబాద్ మహారాష్ట్రలోనూ, దాని పక్కనున్న బాసర తెలంగాణలోనూ ఉన్నాయి. 1948 వరకు ఈ ఊళ్ళన్నీ ఒకే ప్రభువు ఏలుబడిలో ఉండేవి. ఆ ఏలుబడి ఏ విధంగా ముగిసింది, ముగిసిన తరువాత ఈ ప్రాంతానికి ఏమి మిగిలింది అని తెలుసుకోవాలంటే ఒక సన్న్యాసి జీవితాన్ని తెలుసుకోవాలి. ఆయనే స్వామి రామానంద తీర్థ.

హైదరాబాద్ సంస్థానం మన దేశంలోని సంస్థానాలన్నింటిలోనూ జనాభాలో పెద్దది. 1941 నాటి లెక్కల ప్రకారం అందులో 1 కోటి 63 లక్షల మంది నివసించేవారు. మొత్తం 16 జిల్లాలు. వాటిలో ఎనిమిది తెలుగు జిల్లాలు, ఐదు మరాఠీ జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు. ప్రజలలో సుమారు సగం మంది తెలుగువారు, నాలుగవ వంతు మరాఠీవారు. అయినా కచేరీలో, న్యాయస్థానంలో, పై తరగతుల చదువులో రాజ్యమేలిన భాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నతవిద్యను భారతీయ భాషలో బోధించి గొప్ప ప్రయోగం చేసింది. కాని ఆ భాష పల్లెటూరి రైతుబిడ్డకు ఇంటిభాష కాదు. నిజాముకు సొంత తపాలా, సొంత రైళ్ళు, సరిహద్దుల్లో సుంకపు నాకాలు ఉండేవి. నాణెం కూడా వేరే. ఏడు హాలీ సిక్కా రూపాయలు ఇస్తేగాని ఆరు బ్రిటిషు ఇండియా రూపాయలు వచ్చేవి కావు.

భూమి సంగతి మరీ దారుణం. సంస్థానంలోని భూమిలో దాదాపు పదోవంతు నిజాము సొంత ఆస్తి. దానిని సర్ఫ్-ఎ-ఖాస్ అనేవారు. మరో 30 శాతం జాగీర్దార్ల చేతిలో ఉండేది. జాగీరు గ్రామాలలో పన్ను వేసేది, వసూలు చేసేది, తగవులు తీర్చేది కూడా జాగీర్దారు మనుషులే. ఎక్కడచూచినా వెట్టి. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆ ఉత్తర్వునే ప్రజలు 53వ నంబరు గస్తీ అని చెప్పుకునేవారు. సొంతంగా బడి పెట్టుకోవడానికి కూడా ఆంక్షలు ఉండేవి. ఇది గుర్తుంచుకోదగిన విషయం. ఎందుకంటే స్వామీజీ ఈ సంస్థానంలో పనిచేయడానికి వచ్చింది ఒక బడికోసమే.

రామానంద తీర్థ పూర్వనామం వెంకటేశ్ ఖేడ్గీకర్. 1903 అక్టోబరు 3వ తేదీన నేటి కర్ణాటకలోని బిజాపూర్ జిల్లా సింద్గిలో జన్మించారు. షోలాపూర్‌లో చదువుకుంటున్న రోజులలో, 1920 ఆగస్టు 1న లోకమాన్య తిలక్ కన్నుమూశారు. ఆ వార్త ఆయన మనస్సును కలచివేసింది. జీవితాంతం బ్రహ్మచారిగా ఉండి దేశసేవ చేయాలని నిశ్చయించుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు పదహారేళ్ళు దాటి పదిహేడు నిండలేదు. ఆ వయస్సులో ప్రతిజ్ఞలు చేసేవారు చాలామంది ఉంటారు. ఆయన మాత్రం ఆ మాట మీద యాభై ఏళ్ళు నిలబడ్డారు. గాంధీజీ పిలుపుతో సర్కారు బడి మానివేసి జాతీయ విద్యాలయాలలో చదివి, తిలక్ విద్యాపీఠం నుండి ఎం.ఏ. పట్టం పొందారు. తరువాత కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి వద్ద పనిచేశారు. కూలీల బ్రతుకు ఎలా ఉంటుందో, సంఘం కట్టడమంటే ఏమిటో అక్కడ తెలుసుకున్నారు. ఇంతలో తీవ్రమైన జబ్బుచేసింది. నగర జీవితం విడిచి, ఉస్మానాబాద్ జిల్లా హిప్పర్గా గ్రామంలోని జాతీయ పాఠశాలకు ఉపాధ్యాయుడుగా వచ్చారు.

హిప్పర్గా బడి చిన్నదే అయినా అక్కడ పిల్లలు మాతృభాషలో చదువుకున్నారు, నూలు వడికారు, దేశచరిత్ర విన్నారు. 1930ల మొదట్లో వెంకటేశ్ సన్న్యాసం స్వీకరించి రామానంద తీర్థ అయ్యారు. కాషాయం కట్టినవారు సాధారణంగా లోకానికి దూరంగా వెళ్తారు. ఈయన కాషాయం కట్టి లోకం మధ్యకు వచ్చారు. 1935లో అంబాజోగాయిలోని యోగేశ్వరి విద్యాలయ బాధ్యత చేపట్టారు. బాబాసాహెబ్ పరాంజపే వంటి సహచరులు అక్కడ ఆయనకు తోడుగా నిలిచారు. తరువాతి రోజులలో మరాఠ్వాడాలో జైళ్ళకు వెళ్ళిన యువకులలో చాలామందికి ఆయన మొదట బడిపంతులుగానే తెలుసు.

ఆ కాలంలో సంస్థానంలోని మూడు భాషలవారికీ మూడు వేదికలు ఏర్పడ్డాయి. తెలుగువారి ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సమావేశం జరుపుకున్నది. మరాఠీవారి మహారాష్ట్ర పరిషత్తు 1937లో పర్తూరులో ప్రారంభమయింది. కన్నడిగులకూ ఒక పరిషత్తు ఏర్పడింది. ముగ్గురూ అడిగింది మొదట చిన్న చిన్న కోరికలే. మా భాషలో బడి కావాలి, గ్రంథాలయం కావాలి, సభ పెట్టుకునే హక్కు కావాలి అని. ఈ మూడింటినీ కలిపి బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని అడగడానికి 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెసు పుట్టబోయింది. పుట్టకముందే నిజాము ప్రభుత్వం దానిని నిషేధించింది. స్వామీజీ బడిని విడిచిపెట్టి హైదరాబాదుకు వచ్చారు. అక్టోబరులో సత్యాగ్రహం ప్రారంభమయింది. గోవిందరావు నానల్ మొదటి దళానికి నాయకత్వం వహించగా, కొద్ది రోజులకే స్వామీజీ కూడా అరెస్టయ్యారు. అదే సంవత్సరం ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడినందుకు కళాశాలల నుండి వెళ్ళగొట్టబడ్డారు. వారిలో కరీంనగర్ జిల్లాకు చెందిన పి.వి. నరసింహారావు అనే కుర్రవాడు ఒకడు.

అక్కడి నుండి పది సంవత్సరాలు స్వామీజీకి జైలే ఇల్లు. గాంధీజీ అనుమతితో 1940లో వ్యక్తి సత్యాగ్రహం చేసి మళ్ళీ జైలుకు వెళ్ళారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం సాగుతూ ఉండగా మరొకసారి. 1946 జూలైలో స్టేట్ కాంగ్రెసుపై నిషేధం తొలగించినప్పుడు అధ్యక్ష పదవికి పోటీ జరిగింది. బూర్గుల రామకృష్ణారావు పక్షం ప్రభుత్వంతో మాట్లాడి కొంత కొంతగా హక్కులు సంపాదించుకోవచ్చునని భావించింది. స్వామీజీ పక్షం రాజీకి ఒప్పుకోలేదు. స్వామీజీ స్వల్ప ఆధిక్యతతోనే గెలిచారు. ఉద్యమంలోని వారందరూ ఒకే మాట మీద ఉన్నారని అనుకోవడం మనకు అలవాటు. ఇక్కడ అట్లా లేదు. పైగా తెలంగాణలో అదే నెల 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో కమ్యూనిస్టుల నాయకత్వాన రైతుల సాయుధ పోరాటం రగుల్కొన్నది. ఒకే నిజాము మీద ఒకే సమయంలో వేరువేరు పోరాటాలు నడిచాయి.

1947 జూన్‌లో హైదరాబాదులోని ముషీరాబాద్‌లో స్టేట్ కాంగ్రెసు మొదటి మహాసభ జరిగింది. బ్రిటిషువారు వెళ్ళిపోతే తాను స్వతంత్రుడనవుతానని నిజాము ప్రకటించాడు. హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరి తీరవలసిందేనని మహాసభ తీర్మానించింది. ఆగస్టు 7న ఊరూరా యూనియన్‌లో చేరిక దినం జరిపారు. ఆగస్టు 15న స్వామీజీ సుల్తాన్ బజారులో త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. వెంటనే ఆయనను అరెస్టు చేశారు. దేశమంతా స్వాతంత్ర్యం పండుగ చేసుకుంటున్న రోజున ఆయన జైలులో ఉన్నారు. నవంబరు 29న నిజామూ, భారత ప్రభుత్వమూ యథాతథ ఒడంబడిక కుదుర్చుకున్నాయి. ఆ తరువాత ఆయనను విడిచిపెట్టి, 1948 జనవరి 26న మళ్ళీ నిర్బంధించారు.

నాయకుడు జైలులో ఉన్నా ఉద్యమం ఆగలేదు. దిగంబరరావు బిందు, గోవింద్‌భాయ్ ష్రాఫ్ మొదలైనవారు సరిహద్దుల అవతల శిబిరాలు నడిపారు. విద్యార్థులు బడులు, వకీళ్ళు కోర్టులు విడిచివచ్చారు. సర్కారుకు కల్లు సారాల మీద వచ్చే ఆదాయాన్ని దెబ్బతీయడానికి ఈతచెట్లు నరికారు. సుంకపు నాకాలను ధ్వంసం చేశారు. రైతుల నుండి బలవంతంగా లెవీ ధాన్యం తీసుకుపోకుండా అడ్డుకున్నారు. కర్ఖేలికి పక్క స్టేషనయిన ఉమ్రిలో 1948 జనవరి 30న ఉద్యమకారులు బ్యాంకును కొల్లగొట్టి, ఆ సొమ్మును పోరాటానికి తరలించారు. అదే సాయంకాలం ఢిల్లీలో గాంధీజీ హత్యకు గురికావడం చరిత్రలోని ఒక విచిత్రమైన కలయిక. గాంధీజీ శిష్యుడుగా పేరుపొందిన నాయకుడి ఉద్యమం బ్యాంకు మీద పడేవరకు వచ్చిందంటే పరిస్థితి ఎంత ముదిరిందో గ్రహించవచ్చు.

మరొకవైపు లాతూరు వకీలు కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు గ్రామాల మీద పడి దోపిడీలు, హత్యలు సాగించారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఎనభై మందికి పైగా గ్రామస్థులను చంపారు. అయితే నిజాము పక్షాన ముస్లిములు, ఎదురుపక్షాన హిందువులు అని ఈ పోరాటాన్ని రెండుగా చీల్చి చూడడం సత్యం కాదు. ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ యూనియన్‌లో విలీనాన్ని సమర్థించి రాసినందుకు ఆగస్టు 22న రజాకార్ల చేతిలో ప్రాణాలు కోల్పోయాడు.

సెప్టెంబరు 13న భారత సైన్యం నాలుగు దిక్కుల నుండి సంస్థానంలో ప్రవేశించింది. అయిదు రోజులలో అంతా అయిపోయింది. 17వ తేదీ సాయంకాలం నిజాము రేడియోలో మాట్లాడి, రజాకార్ల సంస్థను నిషేధించినట్లూ, స్వామి రామానంద తీర్థనూ ఆయన సహచరులనూ విడుదల చేసినట్లూ ప్రకటించాడు. రెండు శతాబ్దాల రాజవంశం ఓటమిని ఒప్పుకుంటూ చేసిన ప్రకటనలో ఒక బడిపంతులు పేరు వినిపించింది. మరాఠ్వాడాలో ఈనాటికీ సెప్టెంబరు 17ను ముక్తిసంగ్రామ దినంగా జరుపుకుంటున్నారు.

చాలా పుస్తకాలు కథను ఇక్కడ ఆపివేస్తాయి. నిజానికి కష్టమైన భాగం ఇక్కడి నుండే మొదలయింది.

మొదటి కష్టం మనుషుల మనస్సులలోని పగ. రజాకార్లు చేసిన అకృత్యాలకు వారితో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లిములు బలి అయ్యారు. సైనికచర్య జరిగిన రోజులలోనూ, ఆ తరువాతి వారాలలోనూ ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగింది. భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం ఆ ఏడు చివరలో ఈ ప్రాంతాలు తిరిగి, సంస్థానం మొత్తం మీద చనిపోయినవారు 27 వేలకూ 40 వేలకూ మధ్య ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను చాలాకాలం దాచి ఉంచారు. 2013లోగాని అది ప్రజలకు అందుబాటులోకి రాలేదు. మన జిల్లాలోని గ్రామాలకు విమోచన వచ్చిన నెలలోనే ఈ దుఃఖం కూడా వచ్చిందని తెలుసుకోకుండా ఆ చరిత్ర చదివామనుకోవడం పొరపాటు.

రెండవది అధికారం. జైలు నుండి వచ్చిన స్వామీజీ చేతికి ప్రభుత్వం రాలేదు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరుగా పాలించాడు. తరువాత వెల్లోడి అనే అధికారి ముఖ్యమంత్రి అయ్యాడు. 1950 జనవరి 26 నుండి నిజామే రాజప్రముఖ్‌గా, అంటే రాష్ట్రాధిపతిగా నియమితుడయ్యాడు. ఎవరిని దించడానికి జైళ్ళకు వెళ్ళారో ఆ వ్యక్తే కొత్త రాజ్యాంగం కింద పెద్దపీట మీద కూర్చున్నాడు. ఉద్యమకారులలో చాలామందికి ఇది మింగుడుపడలేదు. 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. స్వామీజీ మంత్రి పదవిని కోరలేదు. గుల్బర్గా నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1957లో ఔరంగాబాద్ నుండి మళ్ళీ గెలిచారు.

మూడవది భూమి. రాజు పోయినంత మాత్రాన దున్నేవాడికి భూమి రాదని స్వామీజీ గట్టిగా నమ్మారు. ఆయన వెనుక నడిచిన కాంగ్రెసువారు కౌలుదార్ల పక్షాన ప్రభుత్వాన్ని ఒత్తిడి చేస్తూ వచ్చారు. తెలంగాణలో రైతుల తిరుగుబాటు ఇంకా చల్లారలేదు. 1951 అక్టోబరు వరకు అది సాగింది. ఆ భయం కూడా పనిచేసిందనక తప్పదు. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. దాని కింద 6 లక్షల మందికి పైగా రైతులను రక్షిత కౌలుదార్లుగా గుర్తించారు. భూస్వామి ఇష్టం వచ్చినప్పుడు వారిని వెళ్ళగొట్టడానికి వీలులేదు. ఆ భూమిని కొనుక్కునే హక్కు కూడా వారికి వచ్చింది. కాగితం మీద ఇంత గొప్ప చట్టం ఆ రోజులలో తక్కువ రాష్ట్రాలలోనే ఉండేది. కాని పట్వారీ దఫ్తరులో పేరు ఎక్కని రైతుకు ఆ చట్టం అక్కరకు రాలేదు. చట్టం అమలులోకి రాకముందే కౌలుదార్లను తొలగించిన భూస్వాములూ ఉన్నారు. జాగీర్దారు పోయినచోట దేశ్‌ముఖు, పటేలు కుటుంబాలే మళ్ళీ పెద్దలై నిలిచిన ఊళ్ళూ ఉన్నాయి.

ఇక చివరిది, అన్నిటికన్నా పెద్దది, హైదరాబాద్ రాష్ట్రం ఉండాలా, పోవాలా అనే ప్రశ్న. సామాన్యంగా ఒక రాజ్యాన్ని గెలిచినవారు దానిని నిలుపుకోవాలనుకుంటారు. స్వామీజీ ఆ రాజ్యాన్ని విడదీయాలన్నారు. తెలుగు జిల్లాలు తెలుగువారితో, మరాఠీ జిల్లాలు మరాఠీవారితో, కన్నడ జిల్లాలు కన్నడిగులతో కలవాలనీ, ప్రజలకు తెలిసిన భాషలో పాలన నడిస్తేనే అది ప్రజాపాలన అవుతుందనీ ఆయన అభిప్రాయం. నిజాము తెచ్చిపెట్టిన కూటమిని అట్లాగే ఉంచితే, నిజాము పోయినా ఆయన కట్టడం పోదని ఆయన భావించారు. దీనికి వ్యతిరేకులు లేకపోలేదు. హిందూ ముస్లిములు, తెలుగు మరాఠీ కన్నడిగులు కలిసి మెలిసి బ్రతికిన హైదరాబాదును ముక్కలు చేయడం జవహర్‌లాల్ నెహ్రూకు మొదట ఇష్టం లేదు. ఆ బెంగలో న్యాయం ఉంది. మూడు భాషలు మాట్లాడగల మనుషులు అతి సహజంగా తయారైన రాష్ట్రం మరొకటి మనకు లేదు. స్వామీజీకి ఇది తెలియనిది కాదు. ఆయన కన్నడ దేశంలో పుట్టి, మరాఠీ బడులలో పాఠాలు చెప్పి, తెలుగువారితో జైళ్ళు పంచుకున్నవారు. ఆ నిర్ణయం వల్ల ఆయన నడిపిన హైదరాబాద్ కాంగ్రెసుకే చోటు లేకుండా పోయింది. అయినా ఆయన వెనుదీయలేదు.

1953లో నియమించిన ఫజల్ అలీ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. మరాఠీ, కన్నడ జిల్లాలను విడదీయాలనీ, తెలంగాణను కొంతకాలం ప్రత్యేక రాష్ట్రంగా ఉంచాలనీ సూచించింది. మొదటి సూచన అమలయింది. రెండవ దానికి బదులు 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరి, తెలంగాణ ఆంధ్రతో కలిసింది. నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం పటం నుండి తొలగిపోయింది. నిజాము రాజప్రముఖ్ పదవి కూడా దానితోనే ముగిసింది. 1948లో ఓడిన ప్రభువు ఎనిమిదేళ్ళ తరువాత, ఆయన పేర ఉన్న రాష్ట్రమే లేకుండా పోయినప్పుడు, నిజంగా గద్దె దిగాడు.

గీత ఎక్కడ గీశారో మన జిల్లా విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. అప్పటి నాందేడ్ జిల్లాలో ముధోల్ ఒక తాలూకా. అందులోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ధర్మాబాద్ ప్రాంతం నాందేడ్‌లోనే ఉండిపోయింది. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు కూడా తెలుగు రాష్ట్రంలో చేరాయి. అటునుండి ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు, ఇస్లాపూర్ సర్కిలు ఇటు వచ్చాయి. కొత్త జిల్లాలు మొదట బొంబాయి రాష్ట్రంలోనూ, 1960 మే 1 నుండి మహారాష్ట్రలోనూ భాగమయ్యాయి. ఎంత జాగ్రత్తగా గీసినా గీత భాషను పట్టుకోలేదు. అటు మరాఠీ మాట్లాడేవారు, ఇటు తెలుగు మాట్లాడేవారు మిగిలిపోయారు. పెండ్లి సంబంధాలు, సంతలు, బాసర సరస్వతి గుడిలో అక్షరాభ్యాసాలు గీతతో నిమిత్తం లేకుండా సాగాయి. ఉద్యోగాలు, భూమి కాగితాలు, బడి పరీక్షలు మాత్రం వేరైపోయాయి.

ఈ చిక్కును అప్పటి పెద్దలు ఊహించకపోలేదు. అదే 1956లో రాజ్యాంగానికి జరిగిన ఏడవ సవరణ 350-ఎ అధికరణాన్ని చేర్చింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. మరాఠీ రాష్ట్రంలో తెలుగు బడి, తెలుగు రాష్ట్రంలో మరాఠీ బడి నడవడానికి ఆధారం అందులో ఉంది. సొంత భాషలో బడి పెట్టుకోవడానికి సర్కారును బ్రతిమాలుకోవలసిన రోజులను, హిప్పర్గాను, ఒక్కసారి గుర్తుచేసుకుంటే ఈ మార్పు ఎంతటిదో తెలుస్తుంది. హక్కు ఉన్నంత మాత్రాన ఉపాధ్యాయులు, పుస్తకాలు వాటంతట అవే రావు. అది వేరే సంగతి.

విడిపోయిన మూడు భాగాలూ తమ తమ కొత్త రాష్ట్రాలలో వెనుకబడినవిగానే లెక్కకు వచ్చాయి. పాత సంస్థానంలో బడులు, కాలువలు, పరిశ్రమలు తక్కువగా ఉండడం అందుకు ఒక కారణం. తెలంగాణలో ఒప్పందం అమలుకాలేదన్న అసంతృప్తి 1969లో పెద్ద ఉద్యమంగా లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చాయి. చివరకు 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమయింది. కన్నడ జిల్లాలకు 371-జె అధికరణం 2012 నాటి సవరణతో లభించింది. మరాఠ్వాడాకు 1994లో అభివృద్ధి మండలి ఏర్పడింది. 1956లో తేలిపోయిందనుకున్న లెక్కలు అరవై ఏళ్ళు నడుస్తూనే ఉన్నాయి.

స్వామీజీ 1962 తరువాత ఎన్నికల రాజకీయాలలో కనబడలేదు. ఖాదీ పనినీ, విద్యాసంస్థల పనినీ చూసుకున్నారు. 1950లో నాందేడ్‌లో ప్రారంభమైన పీపుల్స్ కళాశాల వెనుక ఆయన ప్రోత్సాహం ఉంది. అంతకుముందు ఈ జిల్లాలోని పిల్లవాడు కళాశాల చదువు చదవాలంటే హైదరాబాదో, ఔరంగాబాదో వెళ్ళవలసి వచ్చేది. 1967లో తన పోరాట స్మృతులను ఇంగ్లీషులో గ్రంథంగా వెలువరించారు.

1972 జనవరి 22న స్వామి రామానంద తీర్థ హైదరాబాదులో మరణించారు. ఆయన సమాధి బేగంపేటలో ఉంది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్నవారు పి.వి. నరసింహారావు. వందేమాతరం ఉద్యమంలో కళాశాల నుండి వెళ్ళగొట్టబడి, చాందా సరిహద్దు శిబిరంలో పనిచేసి, స్వామీజీని గురువుగా భావించిన వ్యక్తి. భూపరిమితి కోసం ఆయన చేసిన ప్రయత్నాలు పెద్ద భూస్వాములకు కోపం తెప్పించాయి. 1973 జనవరిలో ఆ పదవి పోయింది. 1991లో ఆయన ప్రధానమంత్రి అయినప్పుడు హోం మంత్రిగా తీసుకున్నది నాందేడ్‌కు చెందిన శంకర్‌రావ్ చవాన్‌ను. ఆయన కూడా ఆ పోరాటంలో నుండి వచ్చినవారే. వారిద్దరూ ఆ పదవులలో ఉండగా 1994 సెప్టెంబరు 17న నాందేడ్‌లో స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం ప్రారంభమయింది.